ఏ తేదీ నాటి చట్టం?
న్యాయశాస్త్ర పీజీ పరిశోధన పత్రాలు: నడిపించడం, దిద్దడం
(దోహాలో చేసిన స్మారక ఉపన్యాసం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మారకంగా జరుగుతోందో ఆ మాస్టారి పేరు, ఆహ్వాన పత్రికలో ఆయన డిగ్రీలు, చేసిన ఉద్యోగాలు అన్నీ ఉన్నాయి. నాకు ఆయన్ని మాస్టారు అనడమే అలవాటు, అలాగే అంటాను. ఎల్‌ఎల్‌ఎం విద్యార్థి ఎవరైనా డిసర్టేషన్ చిత్తుప్రతి తీసుకెళ్తే ఆయన ముందుమాట తిప్పేసి ఫుట్‌నోట్లు చదివేవారు. అవి చదివాక గాని పైన రాసింది చూసేవారు కాదు. ఈ ఉపన్యాసానికి విషయం ఆ అలవాటులోంచే తీసుకున్నాను.

ఎండోమెంట్ ఉపన్యాసానికి ఇది కొంచెం పొడి విషయమే. రాజ్యాంగం గురించో, న్యాయవ్యవస్థ స్వతంత్రత గురించో మాట్లాడితే చప్పట్లు ఎక్కువ పడతాయి. కానీ రేపు ఆ రాజ్యాంగం గురించి కోర్టులో వాదించేవాళ్లు, తీర్పులు రాసేవాళ్లు, చట్టాల ముసాయిదాలు తయారుచేసేవాళ్లు ఇవాళ ఏదో ఒక గైడ్ గది బయట చిత్తుప్రతి పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆ గదిలో ఏం జరుగుతుందన్నది బయటివాళ్లెవరూ అడగరు. లోపలివాళ్లు చెప్పరు.

ఖతార్‌లో నిలబడి మాట్లాడుతున్నాను కాబట్టి ఖతార్ చట్టంతోనే మొదలుపెడతాను. ఇక్కడి కార్మికుల చట్టాల మీద పత్రం రాద్దామని ఒక విద్యార్థి వచ్చాడనుకోండి. మంచి విషయమే. గ్రంథాలయంలో కూర్చుంటే బోలెడు వ్యాసాలు దొరుకుతాయి. 2010 డిసెంబరులో ప్రపంచ కప్పు ఖతార్‌కు దక్కింది, ఆ తర్వాత నాలుగైదేళ్లు ప్రపంచమంతా ఈ దేశపు కఫాలా (యజమాని స్పాన్సర్‌షిప్ పద్ధతి) గురించి రాసింది. ఆ రాతలన్నిటికీ ఆధారం 2009 నాటి 4వ నంబరు చట్టం. దాని స్థానంలో 2015లో 21వ నంబరు చట్టం వచ్చింది, 2016 డిసెంబరు నుంచి అమలైంది. 2018లో 13వ నంబరు చట్టం కార్మిక చట్టం కిందికి వచ్చే ఎక్కువమందికి, దేశం విడిచి వెళ్లడానికి కావాల్సిన ఎగ్జిట్ పర్మిట్ తీసేసింది. 2020 జనవరిలో ఆ వెసులుబాటు ఇళ్లల్లో పనిచేసేవాళ్లకూ వచ్చింది. అదే ఏడాది 18, 19 నంబర్ల చట్టాలతో, పాత యజమాని నుంచి ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) లేకుండానే ఉద్యోగం మారే వీలు కలిగింది. 17వ నంబరు చట్టంతో వచ్చిన కనీస వేతనం 2021 మార్చి నుంచి అమలైంది. జీతం 1000 రియాళ్లు. యజమాని తిండి పెట్టకపోతే 300, బస ఇవ్వకపోతే 500 అదనం.

ఇప్పుడు మన విద్యార్థి మొదటి అధ్యాయంలో ఒక వాక్యం రాస్తాడు: కఫీల్ (స్పాన్సర్) అనుమతి లేకుండా కార్మికుడు దేశం దాటలేడు. కింద ఫుట్‌నోటు చక్కగా ఉంటుంది. పేరున్న పత్రిక, పేరున్న రచయిత, పేజీ నంబరు, ఏదీ తప్పు కాదు. ఆ వాక్యం 2014లో నిజం, 2019లో సగం నిజం. ఇవాళ రాస్తే తప్పు. ఫుట్‌నోటు సరైనదే అయినా వాక్యం చెల్లదు. గైడ్ ఆ పక్కన మార్జిన్‌లో ‘ఇది ఏ తేదీ నాటి చట్టం?’ అని ఒక్క ప్రశ్న రాస్తే చాలు. దానికి జవాబు వెతుక్కునే పని విద్యార్థిది. జవాబు కూడా గైడే రాసిచ్చాడంటే అక్కడితో విద్యార్థి పరిశోధన ఆగిపోయినట్టే.

దీనికి ఎదురు పొరపాటు ఇంకోటి ఉంది. ఈ మధ్య అదే ఎక్కువగా చూస్తున్నాను. చట్టం మారింది, గెజిట్‌లో అచ్చయింది, కాబట్టి సమస్య తీరిపోయింది అని రాసే పత్రాలు. 2017 నాటి 13వ నంబరు చట్టం కార్మిక వివాద కమిటీలను పెట్టింది. అధ్యక్షుడు ప్రాథమిక కోర్టు జడ్జి. మొదటి విచారణ నుంచి మూడు వారాల్లో తేల్చాలి. ఇది కాగితం మీదున్న గడువు. ఫిర్యాదు ఇచ్చిన రోజుకీ, డబ్బు చేతికందిన రోజుకీ మధ్య ఎన్ని మెట్లున్నాయి? కమిటీ తీర్పు ఇచ్చాక కంపెనీ దగ్గర డబ్బే లేకపోతే ఏమవుతుంది? 2018 నాటి 17వ నంబరు చట్టంతో కార్మికుల సహాయ, బీమా నిధి పెట్టింది అలాంటి పరిస్థితి కోసమే కదా, అది ఎప్పుడు, ఏ షరతుల మీద కదులుతుంది? పత్రం రాయాల్సింది ఆ రెండు రోజుల మధ్య ఉన్న దారి గురించి. పాత చట్టాన్ని పట్టుకుని వేలాడినవాడు, కొత్త చట్టాన్ని చూసి మురిసిపోయినవాడు ఇద్దరూ చేసింది ఒకటే. చదివిన కాగితం దగ్గరే ఆగిపోయారు.

తేదీ తర్వాత అడగాల్సింది ఈ చట్టం ఎవరికి అని. దోహాలో ముగ్గురు తెలుగువాళ్లను ఊహించండి. లుసైల్‌లో పనిచేసే జగిత్యాల మేస్త్రీకి 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం వర్తిస్తుంది. కోనసీమ నుంచి వచ్చి ఒక ఇంట్లో పనిచేసే అక్కకు వర్తించదు. ఇంటి పనివాళ్లను ఆ చట్టంలో 3వ సెక్షనే పక్కన పెట్టింది. ఆమెకు 2017 నాటి 15వ నంబరు చట్టం వేరే ఉంది. రోజుకు పది గంటలకు మించని పని, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి మూడు వారాల సెలవు అందులో ఉన్నాయి. ఇక ఖతార్ ఫైనాన్షియల్ సెంటర్‌లో నమోదైన కంపెనీలో పనిచేసే హైదరాబాదు అకౌంటెంటుకు ఈ రెండూ కావు. ఆ సెంటరుకు సొంత ఉద్యోగ నిబంధనలు, సొంత కోర్టు ఉన్నాయి. వారం వారం ఒకే బజార్లో కూరగాయలు కొనుక్కునే ముగ్గురికి మూడు చట్టాలు. ‘ఖతార్‌లో కార్మికుల హక్కులు’ అని శీర్షిక పెట్టిన పత్రం ఈ ముగ్గురిలో ఎవరి గురించో చెప్పకపోతే మొదటి పేజీ నుంచే గాడి తప్పినట్టు.

శీర్షికల మాట వచ్చింది కాబట్టి ఒక ఫిర్యాదు. మన దగ్గర డిసర్టేషన్లలో సగానికి సగం ‘ఒక విమర్శనాత్మక అధ్యయనం’ అన్న తోకతో వస్తాయి. తోక ఉంటుంది, విమర్శ ఉండదు. విషయం వేరు, ప్రశ్న వేరు. విద్యార్థి విషయంతో వస్తాడు, అది సహజం. దాన్ని ప్రశ్నగా మార్చి పంపించడం మొదటి రెండు మూడు భేటీల్లో గైడ్ చేయాల్సిన పని. మార్చలేకపోతే తర్వాత ఎంత దిద్దినా మిగిలేది భాష దిద్దుబాటే.

ఎలా మార్చాలో మన దేశాన్నీ ఖతార్‌నూ కలిపే ఒక ఉదాహరణతో చెబుతాను. మన దేశంలో 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ఉంది. ఈసీఆర్ (ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అవసరమైన) పాస్‌పోర్టుతో గల్ఫ్‌కు వచ్చేవాళ్లకు ఇంత జీతానికి తగ్గకూడదని భారత ప్రభుత్వం ఒక కనీసం పెడుతుంది. మినిమమ్ రెఫరల్ వేజ్ అంటారు. 2020 సెప్టెంబరులో సర్క్యులర్లతో దాన్ని తగ్గించారు. ఖతార్‌కు 200 డాలర్లు అన్నారు. రియాళ్లలో లెక్కేస్తే 728. సరిగ్గా దానికి కొద్ది రోజుల ముందే, ఆగస్టు చివర్లో, ఖతార్ 1000 రియాళ్ల కనీస వేతన చట్టం తెచ్చింది. మనిషిని రప్పించుకునే దేశం కనీసం పెంచుతుంటే, పంపే దేశం తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో దీనిమీద ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. 2021 జూలైలో కేంద్రం ఆ సర్క్యులర్లను వెనక్కి తీసుకుంది.

విద్యార్థి దీన్ని ‘వలస కార్మికుల వేతనాలు’ అనే విషయంగా తెస్తాడు. కోపంతో తెస్తాడు. కోపం మంచిదే, దాన్ని నేను చల్లార్చను. కానీ అడుగుతాను: బాబూ, సర్క్యులర్‌కు చట్టబలం ఎంత? ఎమిగ్రేషన్ చట్టంలో ఏ సెక్షన్ కింద ఇచ్చారు దాన్ని? ఇక్కడి చట్టం ఎలాగూ 1000 రియాళ్లు ఇవ్వమంటోంది కదా, అప్పుడు 200 డాలర్ల అంకె వల్ల నష్టపోయేదెవరు? పని తెలియని కూలీనా, అంతకు ముందు పనిని బట్టి ఎక్కువ కనీసం ఉన్న మేస్త్రీనా? ఈ చివరి ప్రశ్న దగ్గర విద్యార్థి ఆగిపోతాడు, కాసేపు మాట్లాడడు. ఆ మౌనం వచ్చిందంటే పత్రం దారిలో పడ్డట్టే లెక్క. ఆ తర్వాత అతను పత్రికా కథనాలు పక్కన పెట్టి సర్క్యులర్లు, కోర్టులో దాఖలైన అఫిడవిట్లు వెతకడం మొదలుపెడతాడు.

ఆధారాల గురించి రెండు మాటలు. ఖతార్ చట్టాలన్నీ న్యాయ మంత్రిత్వ శాఖ నడిపే అల్ మీజాన్ పోర్టల్‌లో దొరుకుతాయి. ఇంగ్లీషు పాఠాలూ ఉంటాయి, కానీ చెల్లుబాటయ్యేది అరబిక్ పాఠమే. ఖతార్ విశ్వవిద్యాలయంలో 2012 నుంచి న్యాయ బోధన అరబిక్‌లో సాగుతోంది. ఎడ్యుకేషన్ సిటీలోని హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయం లా కాలేజీ ఇంగ్లీషులో చెబుతుంది. ఒకే దేశపు చట్టం మీద రెండు కాలేజీల్లో రెండు రకాల పత్రాలు తయారవుతాయన్నమాట. అరబిక్ రానివాడు ఈ చట్టం మీద రాయకూడదని నేననను. అలా అంటే ముందు నేనే నోరు మూసుకోవాలి. ఇంగ్లీషు పాఠం మీద ఆధారపడ్డానని మొదటి అధ్యాయంలోనే చెప్పాలి. వాదమంతా ఏ సెక్షన్ మీద నిలబడిందో ఆ ఒక్కదాన్నైనా అరబిక్ వచ్చినవారితో సరిచూపించుకోవాలి. ఈ రెండూ చేసిన పత్రాన్ని పరీక్షకుడిగా నేను నమ్ముతాను.

ఇక లైబ్రరీ దాటి మనుషుల దగ్గరికి వెళ్లే పరిశోధన. పారిశ్రామిక ప్రాంతంలో, ఏషియన్ టౌన్‌లో మనవాళ్లను కలిసి ఇంటర్వ్యూలు చేస్తానంటాడు విద్యార్థి. మనుషుల మీద పరిశోధనకు ఇక్కడి విశ్వవిద్యాలయాల్లో నైతిక సమీక్షా బోర్డు అనుమతి కావాలి. అనుమతి ఫారం నింపడం కష్టం కాదు, అసలు చిక్కు దాంట్లో కనిపించదు. ఇంటర్వ్యూ చేయబోయే కుర్రాడిది నిజామాబాద్ జిల్లా, ఇవ్వబోయే పెద్దాయనది పక్క మండలం. ‘మనూరి పోరడు సదువు కోసం అడుగుతుండు, ఎట్ల కాదంటం’ అంటాడు ఆయన. సంతకం పెడతాడు, సమ్మతి పత్రం పక్కాగా ఉంటుంది. కానీ ఆయనకు కాదనే వీలు ఎక్కడుంది? వీసాకు ఏజెంటుకు కట్టింది ఎంతో చెబుతాడు. భారత నిబంధనల ప్రకారం ఏజెంటు తీసుకోదగింది పన్ను కాక 30,000 రూపాయలు. ఈయన చెప్పే అంకె అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ ఏజెంటు కూడా ఆ మండలంవాడే. పేరు రాయకపోయినా ఊరు, ఏడాది, కంపెనీ పని రాస్తే ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. దాని ఫలితం ఊళ్లో ఉన్న ఆయన భార్య మీద పడుతుంది. పరాయి దేశపు పరిశోధకుడికి ఈ చిక్కు లేదు, మనకే ఉంది. బంధుత్వం మనకు తలుపు తెరుస్తుంది, ఎదుటివాడికి అదే తలుపు మూసుకునే వీలు తీసేస్తుంది. గైడ్ తెలుగువాడైతే ఇది ముందే చెప్పాలి. కానివాడైతే విద్యార్థే గైడ్‌కు చెప్పాలి.

లైబ్రరీ దాటి వెళ్లాల్సిన విషయమే ఇంకోటి ఉంది: ఎండ గురించి ఒక పత్రం ఎవరైనా రాస్తారా అని ఎదురుచూస్తున్నాను. 2021 నాటి 17వ నంబరు మంత్రిత్వ నిర్ణయం ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 దాకా ఆరుబయట పని నిషేధం. అది కాక, ఉక్కను కూడా లెక్కలోకి తీసుకునే వెట్ బల్బ్ గ్లోబ్ సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళైనా పని ఆపాలి. ఆ సూచీని సైట్‌లో కొలిచేదెవరు, రాసి ఉంచేదెవరు, ఆ రాతను వివాదంలో సాక్ష్యంగా అడిగే హక్కు ఎవరిది? ఈ మూడు ప్రశ్నలకే ఒక డిసర్టేషన్ చాలదు.

ఇప్పుడు దిద్దడం. ముందుగా గైడ్ ఎంత దిద్దాలి? నా పద్ధతి చెబుతాను, ఒప్పుకోనివాళ్లు ఉంటారు. ఒక్క అధ్యాయం వాక్యం వాక్యం దిద్దుతాను. మిగతావాటిలో వాదం ఎక్కడ తెగిందో గీత గీసి వదిలేస్తాను. అధ్యాయాలన్నీ దిద్దిపెట్టే గైడ్లు ఉన్నారు, విద్యార్థులు వాళ్లను దేవుళ్లంటారు. కానీ ఆ పత్రానికి మార్కులేసేటప్పుడు ఆ గైడ్ ఎవరికి వేస్తున్నట్టు? అందుకే గైడ్ చేతిలో మార్కుల వాటా చాలా తక్కువ ఉండాలని, అసలు లేకపోయినా ఫర్వాలేదని నా అభిప్రాయం. గైడ్ రాయాల్సింది ఒక పేజీ నివేదిక: విద్యార్థి ఎక్కడ మొదలయ్యాడు, ఎక్కడ దారి మార్చుకున్నాడు, ఎందుకు.

ఇంకో సంగతి. మన యూజీసీ 2022 నిబంధనల్లో పీహెచ్‌డీకి ప్రొఫెసర్ 8 మందికి, అసోసియేట్ 6 మందికి, అసిస్టెంట్ 4 మందికి మించి గైడ్‌గా ఉండకూడదని ఉంది. ఆ నిబంధనల్లో ఎల్‌ఎల్‌ఎంకు పరిమితి లేదు. 2013-14 నుంచి ఏడాది ఎల్‌ఎల్‌ఎం కూడా వచ్చింది, డిసర్టేషన్‌కు మిగిలేది నికరంగా నాలుగు నెలలే. నేనెరిగిన ఒక కాలేజీలో ఒక్క అధ్యాపకుడికి డజనుకు పైగా డిసర్టేషన్లు అప్పగించారు. అలాంటి చోట గైడ్ సంతకానికీ, బైండింగ్ షాపు బంగారు అక్షరాలకీ పెద్ద తేడా ఉండదు.

భాషకు ఎన్ని మార్కులు? తెలుగు మీడియంలో చదివి వచ్చిన పిల్లలు ఇంగ్లీషులో రాస్తే వాక్యం తడబడుతుంది. వాదం తడబడకపోవచ్చు. భాషకు వేరే గడి పెట్టి, ఆ కొద్ది మార్కులూ అక్కడే కోసేయండి. వాదానికిచ్చే మార్కుల జోలికి ఆ చేత్తోనే రాకండి. దీనికి ఉల్టాగా, నున్నని ఇంగ్లీషు చూసి మోసపోయే పరీక్షకులే ఎక్కువ.

తర్వాత కాపీని లెక్కించే శాతాలు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాటితే దిద్ది మళ్లీ ఇవ్వాలి, 40 దాటితే ఏడాది పాటు ఇవ్వడానికి వీల్లేదు, 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు. మూలం చెప్పి ఉటంకించిన భాగాలను లెక్కలోంచి తీసేయమని ఆ నిబంధనలే చెబుతున్నాయి. అయినా కొన్నిచోట్ల సాఫ్ట్‌వేర్ ఇచ్చిన అంకె చూసి పత్రం వెనక్కి పంపుతారు. న్యాయ పత్రంలో సెక్షన్ ఉన్నదున్నట్టు రాయాలి, తీర్పు పేరా ఉన్నదున్నట్టు ఇవ్వాలి. శాతం తగ్గించడానికి సెక్షన్‌ను సొంత మాటల్లో తిప్పి రాసిన విద్యార్థులను చూశాను. అంతకంటే ఘోరం న్యాయశాస్త్రంలో లేదు. అటు వేరేవాళ్ల వాదం మొత్తం ఎత్తి, మాటలు మాత్రం మార్చినవాడు 4 శాతంతో బయటపడతాడు. ఆ దొంగతనం పట్టుకోవాలంటే పరీక్షకుడు ఆ విషయం మీద తనూ చదివి ఉండాలి. వేరే దారి లేదు.

చాట్‌జీపీటీ గురించి అడుగుతారని తెలుసు. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ అవియాంకా కేసులో అది పుట్టించిన లేని తీర్పులను వకీళ్లు కోర్టుకిచ్చారు. జడ్జి 5000 డాలర్ల జరిమానా వేశారు. ఫుట్‌నోట్లు ముందు చదివే అలవాటున్న మాస్టారి దగ్గర అలాంటి పత్రం అయిదు నిమిషాలు నిలిచేది కాదు. ఇంతకంటే చెప్పడానికేం లేదు.

ఇద్దరు పరీక్షకులు దిద్దితే ఒకరు 72, ఇంకొకరు 48 వేశారనుకోండి. ఆఫీసు సగటు తీసి 60 వేస్తుంది. ఆ 60ని ఇద్దరిలో ఒక్కరూ నమ్మరు. అంత తేడా వచ్చిందంటే వాళ్లు రెండు వేర్వేరు ప్రశ్నలకు మార్కులేశారని అర్థం. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించాలి, తేలకపోతే మూడోవాళ్లకు పంపాలి. ఖర్చు, ఆలస్యం నిజమే. విద్యార్థి డిగ్రీ దానిమీద ఉంది.

వైవాలో నేను అడిగే ప్రశ్న ఒకటి ముందే బయటపెట్టేస్తున్నాను: నీ గైడ్‌తో నువ్వు ఏకీభవించని చోటు ఈ పత్రంలో ఎక్కడుంది? కొందరు గైడ్ వంక చూస్తారు. కొందరు పేజీ తిప్పి చూపిస్తారు. ఆ రెండోవాళ్లకు మార్కులేయడానికి నా చెయ్యి వెనకాడదు.

చివరగా ఈ స్మారక నిధి నిర్వాహకులకు ఒక విజ్ఞప్తి. ఏటా ఉత్తమ పరిశోధన పత్రానికి పతకం ఇద్దామని మీరు ఆలోచిస్తున్నట్టు విన్నాను. ఇవ్వండి. దానికి ఒక షరతు పెట్టండి. గల్ఫ్ చట్టాల మీద రాసిన పత్రమైతే, రచయిత దానికి రెండు పేజీల తెలుగు సారాంశం, కార్మికుల క్యాంపులో చదివి వినిపిస్తే అర్థమయ్యే భాషలో రాసివ్వాలి. ఖతార్ కార్మిక చట్టం 10వ సెక్షన్ ప్రకారం కాంట్రాక్టు ముగిసిన ఏడాదిలోపు బకాయిలు అడగాలి, తర్వాత హక్కు పోతుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఇంటికెళ్లి కూర్చున్నవాళ్లు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఎల్‌ఎల్‌ఎం పత్రాల్లో అది మూడో అధ్యాయంలో ఇంగ్లీషులో పడి ఉంటోంది. వచ్చే ఏడాది సభ నాటికి అలాంటి సారాంశాలు ఒకటి రెండైనా తయారుచేయించండి. వాటిని దిద్దిపెట్టే పని నాది.